బస్‌పాస్‌లకే ఎక్కువ ఎందుకయింది: 2024–25 జమా ఖర్చుల వివరణ

దాతలకు, బస్తీ పెద్దలకు నమస్కారం. నల్లమందు జాతి మత్తు నుంచి బయటపడేందుకు నగరంలోని ప్రభుత్వ కేంద్రంలో చికిత్స పొందుతున్నవారి కోసం 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మీరిచ్చిన సొమ్ముకు ఇది లెక్క. పాత నిల్వ రూ.6,240, 71 మంది దాతల చందాలు రూ.1,48,500, పాత పేపర్లు అమ్మగా వచ్చినది రూ.3,260, వెరసి జమ రూ.1,58,000. ఖర్చు రూ.1,43,250. నిల్వ రూ.14,750.

మందు ఉచితమే కదా, బస్‌పాస్‌లకు రూ.58,400 ఎందుకని కొందరు దాతలు అడిగారు, అడగవలసిన ప్రశ్నే. నల్లమందు జాతి మత్తు మీద యావను అదుపులో పెట్టే బుప్రెనార్ఫిన్ మాత్ర ఉచితమే కానీ, రోజూ కేంద్రానికి వెళ్లి, నర్సు ఎదుట నాలుక కింద పెట్టుకుని, పూర్తిగా కరిగేదాకా కూర్చోవాలి. సెంట్రింగ్ పనిచేసే ఒకాయన తొమ్మిదికి తెరిచే కేంద్రంలో మాత్ర వేసుకుని అడ్డాకు చేరేసరికి మేస్త్రీలు కూలీలను తీసుకుని వెళ్లిపోయేవారు. కూలి పోయిన రోజు ఇంట్లో గొడవ, రాత్రంతా నిద్ర లేకపోవడం, చివరికి డాక్టరు చీటీ లేకుండా కొన్న అల్ప్రజోలం అనే నిద్రమాత్రలు. అందుకే పాస్‌తోపాటు పొద్దున టిఫిన్‌కూ రూ.37,300 పెట్టాం. ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం కాబట్టి పాస్‌ల పద్దులో వారి లెక్క లేదు.

బుప్రెనార్ఫిన్ మీద ఈ నిద్రమాత్రలు పడితే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది, మద్యం కూడా తోడైతే మరీ ప్రమాదం. అలాగని ఆ నిద్రమాత్రలను ఉన్నపళంగా మానిపించడమూ తగదు. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లు ఒక్కసారిగా దొరక్కుండా పోయినప్పుడు, అందులో కలిపే ఇలాంటి మత్తుమందుకు అలవాటుపడినవారు ఎందరు ఆసుపత్రుల పాలయ్యారో మనకు తెలుసు. మా దగ్గరి ఒక యువకుడికి ఒకచోట "ఆ మాత్రలు మానేశాకే ఇటు రా" అని చెప్పి పంపేశారు. అతడు ఆ మాట పట్టుకుని ఒకేసారి మానేయగా మూడోరోజు ఫిట్స్ వచ్చాయి. నిద్రమాత్రలు వాడుతున్నారన్న ఒక్క కారణంతో ఈ చికిత్స ఆపవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా 2017లోనే వైద్యులకు చెప్పింది. ఆ యువకుడి పరీక్షలకు, మిగతావారికి నిద్రలేమి, ఆందోళనలకు మానసిక వైద్యుల వద్ద చూపించి డోసు కొద్దికొద్దిగా తగ్గించడానికి కలిపి రూ.21,600 అయింది. ఏడాది ఆరంభంలో ఈ పద్దే మేము పెట్టలేదు. మాత్రల సంగతి అడిగితే దాస్తారేమోనని అడగకుండా ఊరుకున్నాం. ఆ పొరపాటు మాదే.

రెండు కుటుంబాల అద్దె బాకీకి రూ.18,000, ఆధార్, రేషన్ కార్డుల పనులకు రూ.4,150, ముద్రణకు రూ.3,800 ఖర్చయ్యాయి.

రసీదులు, వోచర్లు ఏ దాత అయినా ఆదివారం ఉదయం వచ్చి చూడవచ్చు. చికిత్సలో ఉన్నవారి పేర్లు మాత్రం కప్పి చూపిస్తాం. కేంద్రాన్ని ఉదయం ఆరున్నరకే తెరవాలని అర్జీ ఇచ్చాం, ఇంకా జవాబు రాలేదు. అది వచ్చేదాకా నిల్వ రూ.14,750 పాస్‌లకే వాడాలని కమిటీ తీర్మానించింది.