అంకె తిప్పే రేజరు గురించి మిత్రుడికి ఉత్తరం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఐదు బ్లేళ్ల కార్ట్రిడ్జి రేజరుతో మెడ మీద మంట, దవడ కింద ఎర్రటి పొక్కులు భరించలేక, ఒకే బ్లేడు వేసుకునే పాతకాలపు సేఫ్టీ రేజరుకు మారాలని, అందులోనూ అంకె తిప్పి కోత తీవ్రతను పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ వీలున్న రకాన్నే కొనాలని నిశ్చయించుకున్నట్లు రాశావు. కొన్ని పేర్లు పంపి ఏది కొనమంటావని అడిగావు. జవాబు ముందే చెప్పేస్తాను: నీకైతే మెర్కుర్ ప్రోగ్రెస్. కాని కారణం తెలియకుండా కొంటే, ఆ అంకెలతో ఏం చేయాలో తోచక నెల తిరక్కుండానే దాన్ని అటకెక్కిస్తావని నా అనుమానం. అందుచేత ఉత్తరం కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టు.

అసలు అంకె తిప్పితే మారేది ఏమిటో ముందు చూద్దాం. బ్లేడు మారదు, దాని మందం ఏ కంపెనీదైనా మిల్లీమీటరులో పదో వంతు దగ్గరే ఉంటుంది. పైన మూత, కింద అంచు వెంబడి సన్నటి కమ్మీ ఉన్న పలక, ఈ రెండింటి మధ్య ఒంపు తిరిగి బిగుసుకుని బ్లేడు కూర్చుంటుంది. బ్లేడు అంచుకూ ఆ కమ్మీకీ మధ్య ఉండే సందు మొదటి సంగతి. మూతనూ కమ్మీనీ తాకుతూ ఒక గీత గీస్తే, ఆ గీతను దాటి బ్లేడు అంచు ఎంత బయటికి వచ్చిందన్నది రెండో సంగతి. అంకె తిప్పినప్పుడు సందు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. దానితోపాటు అంచు బయటపడే తీరు కూడా కొంత మారుతుంది. వడ్రంగి చిత్రిక పట్టేటప్పుడు చెక్కను బట్టి ఉలిని కాస్త దింపుకోవడమో, ఎక్కించుకోవడమో చేస్తాడు చూడు, ఇక్కడ జరిగేదీ అదే.

రాక్‌వెల్ అనే రేజరును చూస్తే ఇది మరీ స్పష్టంగా అర్థమవుతుంది. అందులో తిప్పే మర ఏదీ లేదు. మూడు పలకలు ఇస్తారు, ఒక్కొక్క పలకకు రెండు వైపులా వేర్వేరు సందులు ఉంటాయి కనుక మొత్తం ఆరు స్థాయిలు వస్తాయి. వాటిలో అన్నిటికంటే మెత్తనిదానికి సందు సుమారు 0.20 మిల్లీమీటర్లు, అన్నిటికంటే కరుకైనదానికి సుమారు 0.79. అంటే మెత్తదనానికీ కరుకుదనానికీ మధ్య ఉన్న తేడా అంతా కలిపి అర మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. అంత చిన్న తేడాను చర్మం ఇట్టే పట్టేస్తుంది. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకో: ఒక కంపెనీ రేజరు మీద ఉండే 3కూ మరో కంపెనీ రేజరు మీద ఉండే 3కూ ఏ సంబంధమూ లేదు. అంకెలు ఎవరి కొలతకు వారు వేసుకున్నవి. ఫలానా మిత్రుడు 5 మీద గీసుకుంటున్నాడట కదా అని నువ్వూ 5 మీద పెట్టుకోవద్దు.

చిన్న అంకె పెట్టుకుంటే చర్మానికి క్షేమమని చాలామంది అనుకుంటారు, నీ ఉత్తరంలో కూడా ఆ ధోరణే కనిపించింది. ఇది సగం నిజం మాత్రమే. రోజూ గీసుకునేవాడి గడ్డానికి చిన్న అంకె చక్కగా సరిపోతుంది. నువ్వు మాత్రం ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో గడ్డం జోలికి పోనంటున్నావు; మూడు నాలుగు రోజుల గడ్డంతో ఆఫీసు రోజు పొద్దున్నే అద్దం ముందు నిలబడతావు. ఆ పొడవున్న వెంట్రుకలు సన్నటి సందులోకి సరిగా దూరవు, నురగా వెంట్రుకలూ కలిసి అక్కడే ఇరుక్కుంటాయి. ఒక్క గీతతో పోవలసినది పోక, అదే చోట నాలుగైదు సార్లు లాగుతావు, తెలియకుండానే చేతితో అదుముతావు. మంట పుట్టేది అక్కడే. అదే గడ్డానికి అంకె పెంచి, ఏమాత్రం అదమకుండా, రేజరు బరువుతోనే ఒక్కసారి కిందికి దింపితే చర్మం మీద బ్లేడు తిరిగే సార్లు సగానికి తగ్గుతాయి. చర్మాన్ని బాధపెట్టేది అంకె ఒక్కటే కాదు. ఎన్నిసార్లు లాగామన్నదీ, ఎంత అదిమామన్నదీ కూడా లెక్కే. అంకె గడ్డం పొడవును బట్టి ఉండాలి తప్ప మన భయాన్ని బట్టి కాదు. నీకు సందు మారని రేజరు కాక అంకె తిప్పేదే కావాలని నేను కూడా అనడానికి కారణం ఇదే. రోజూ తప్పకుండా గీసుకునే మనిషి అడిగితే, మూడు ముక్కల మామూలు రేజరు చాలు, డబ్బు దండగ చేసుకోకు అని చెప్పేవాణ్ణి.

ఐదు బ్లేళ్ల సంగతి కూడా ఇక్కడే ఒక మాట. ముందు బ్లేడు వెంట్రుకను పైకి లాగితే వెనక బ్లేడు దాన్ని ఇంకా కిందికి కోస్తుందన్నది ఆ రేజర్ల ప్రచారంలో తరచూ వినిపించే సూత్రం. రింగులు తిరిగే గట్టి వెంట్రుకలున్నవారికి అదే చేటు తెస్తుంది: చర్మం కంటే కిందికి తెగిన కొస మళ్లీ పెరిగేటప్పుడు బయటికి రాక పక్కకు తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది, అక్కడ పొక్కు లేస్తుంది. నీ మెడ మీద ఉన్నవి ఆ జాతివే అయితే ఒకే బ్లేడుతో తగ్గుముఖం పట్టాలి. చీము పడుతుంటే మాత్రం ఏ రేజరూ వద్దు, ముందు చర్మ వైద్యుణ్ణి కలువు.

ఇప్పుడు నీ జాబితాకు వస్తాను. జిలెట్ పాత అడ్జస్టబుల్ రేజర్ల మీద నీకు మనసు పోయిందని తెలుస్తూనే ఉంది, అందులో ఆశ్చర్యం లేదు. 1958లో వచ్చి 1961 దాకా తయారైన, లావుపాటి పిడి వల్ల అభిమానులు ఫ్యాట్‌బాయ్ అని పిలుచుకునే రేజరు, ఆ తర్వాత 1960లలో నడిచిన స్లిమ్, 1969 నుంచి వచ్చిన నల్ల పిడి సూపర్ అడ్జస్టబుల్, ఇవన్నీ ఒకే కుటుంబం. పిడి అడుగున ఉన్న మరను తిప్పితే పైన రెండు తలుపులు రెక్కల్లా విచ్చుకుంటాయి, బ్లేడు లోపల పెట్టి మళ్లీ మూస్తే చాలు, ఏ ముక్కా ఊడి చేతికి రాదు. రేజరు తల కింద, పిడి పైకొన దగ్గరి వలయం మీద 1 నుంచి 9 వరకు అంకెలుంటాయి. యంత్రాల పనితనం ఇష్టపడేవాడు ఒకసారి చేత్తో పట్టుకుంటే వదలలేడు. నేను కూడా స్లిమ్ మీద ఒక మాట పడనివ్వను.

అయినా మొదటి రేజరుగా దాన్ని కొనమని చెప్పను. ఇప్పుడు దొరికేవన్నీ దశాబ్దాల కిందటివి, ఎవరో వాడి వదిలినవి. కొనక తప్పదంటే కొన్ని సంగతులు చూసుకో. తలుపులు రెండూ సమానంగా మూసుకుంటున్నాయా, వలయం 1 నుంచి 9 దాకా ఎక్కడా పట్టేయకుండా తిరుగుతున్నదా, బ్లేడు పెట్టాక రెండు వైపులా సందు ఒక్కలాగే ఉందా అన్నవి ముఖ్యం. ఎవరి చేతిలోనైనా కింద పడిన రేజరుకు ఒక వైపు కమ్మీ కాస్త వంగి ఉంటుంది. ఫొటోలో అది తెలియదు, బుగ్గకు మాత్రం మొదటి రోజే తెలుస్తుంది. తల కింది భాగంలో ఒక అక్షరం, ఒక అంకె చెక్కి ఉంటాయి: అక్షరం సంవత్సరాన్నీ, అంకె ఆ సంవత్సరంలో ఎన్నో త్రైమాసికమో సూచిస్తాయి. ఉదాహరణకు ఎఫ్ అంటే 1960. అమ్మేవాడు చెప్పిన వయసు నిజమో కాదో దానితో సరిచూసుకోవచ్చు. మెరుపు తేవాలని వెనిగర్‌లో నానబెట్టారేమో కూడా అడుగు, పైనున్న నికెల్ పూతకు అది మంచిది కాదు.

మెర్కుర్ ఫ్యూచర్ బరువుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. 1 నుంచి 6 వరకు అంకెలు. దాని మూత మర మీద కాక నొక్కుడు మీద ఆగుతుంది, బ్లేడు మార్చాలంటే సబ్బు చేత్తో మూతను పట్టి లాగాలి. పదునైన అంచు పక్కనే వేళ్లు పెట్టి జారే వస్తువును లాగే ఏర్పాటు నాకు నచ్చదు. దానికి నకళ్లుగా చవకలో దొరికేవాటి జోలికి అసలే వెళ్లకు.

ఇక ప్రోగ్రెస్. ఇది తయారయ్యే జర్మనీ ఊరు జోలింగెన్ నువ్వుండే డ్యూసెల్‌డార్ఫ్‌కు రైలులో అరగంట లోపు దూరమే. కత్తులకు, కత్తెరలకు, బ్లేళ్లకు శతాబ్దాలుగా పేరుపడిన ఊరు. ఆ ఊరి పేరు వస్తువు మీద వేసుకోవాలంటే అది అక్కడ తయారై ఉండాలని 1938 నుంచి చట్టమే ఉంది. గ్రాఫ్‌రాత్ అనే పేటలో కత్తుల మ్యూజియం కూడా ఉంది, తీరిక దొరికిన శనివారం చూసి రా.

ప్రోగ్రెస్ చూడటానికి అందగత్తె కాదు. అడుగున ప్లాస్టిక్ బిరడా లాంటి మర, దాని మీద 1 నుంచి 5 వరకు అంకెలు. ఆ మరను వదులు చేస్తూ పోతే మూత ఊడి వస్తుంది, బ్లేడు మార్చి తిరిగి బిగిస్తావు. మూత మీద ఒక గుర్తు, కింది పలక మీద ఒక గుర్తు ఉంటాయి, బిగించేటప్పుడు రెండూ ఒకే వైపు ఉండేలా చూసుకోవాలి. తిరగేసి బిగించినా రేజరు పనిచేస్తుంది గాని, అంకెలు చూపేదొకటి, అసలు సందు మరొకటి అవుతాయి. ఇది తెలియక రేజరే చెడ్డదని తీర్పు చెప్పినవారు ఉన్నారు. దీనిలో నాకు నచ్చే గుణం మరొకటి: అంకెకూ అంకెకూ మధ్య కూడా ఆపుకోవచ్చు. 2 తక్కువ, 3 ఎక్కువ అనిపిస్తే నడిమధ్య పెట్టుకో. పొట్టి పిడి, పొడుగు పిడి రెండూ దొరుకుతాయి. నీ చేతులు పెద్దవి కనుక పొడుగుదే తీసుకో.

ఇండియాలో తయారయ్యే పార్కర్ వారి వేరియంట్ కూడా ఇదే పద్ధతిలో, అడుగున మర తిప్పేలా ఉంటుంది, అంకెలు కూడా 1 నుంచి 5. నువ్వు హైదరాబాదులోనే ఉండి ఉంటే బహుశా అదే చెప్పేవాణ్ణి. ప్రోగ్రెస్ నీ గుమ్మం ముందు దొరుకుతుంటే ఇక్కడి నుంచి పార్సెలు దేనికి? పైన చెప్పిన రాక్‌వెల్ మంచి రేజరే, చెడిపోవడానికి కదిలే భాగాలే లేవు. కాని గడ్డం గీస్తూ మధ్యలో స్థాయి మార్చాలంటే తడి చేతులతో విప్పి పలక తిప్పి మళ్లీ బిగించాలి, ఆ ఓపిక నీకు లేదని నాకు బాగా తెలుసు.

బ్లేడు విషయంలో ఒక్క నియమం పెట్టుకో: మొదటి నెల ఒకే రకం బ్లేడు. బ్లేడూ అంకే రెండూ కలిపి మారిస్తే ఏది దేనివల్ల జరిగిందో ఎన్నటికీ తేలదు. జపాను వారి ఫెదర్ చాలా పదును, చేయి కుదిరాక చూద్దువు. మన ఊళ్లో కిరాణా కొట్లో సెవెన్ ఓ క్లాక్, టోపాజ్ అయిదేసి బ్లేళ్ల పొట్లాలుగా వేలాడేవి గుర్తుందా? అక్కడైతే రాస్‌మన్ దుకాణంలో ఐసానా పేరుతో ఉండేవి చాలు, చవక, మధ్యరకం పదును.

వాడే తీరు క్లుప్తంగా చెబుతాను. స్నానం అయ్యాక గీసుకో. రెండు మూడు నిమిషాలు నీళ్లలో నానిన వెంట్రుక మెత్తబడి తేలిగ్గా తెగుతుంది. డబ్బాలోంచి బుస్సుమని వచ్చే నురగ మానేసి, బ్రష్షుతో సబ్బునో క్రీమునో బాగా నీళ్లు కలిపి పట్టించు. ముందురోజు రాత్రే మెడ మీద వేళ్లతో తడిమి వెంట్రుక ఏ వాటాన పెరిగిందో చూసుకో. గొంతుముడికి ఒక పక్కన కిందికీ, మరో పక్కన అడ్డంగానూ ఉండటం మామూలే, నీ మంటకు సగం కారణం అక్కడే ఉండవచ్చు. బ్లేడును చర్మానికి సుమారు 30 డిగ్రీల వంపులో ఉంచి, పొట్టి గీతలతో రా. మూడు నాలుగు రోజుల గడ్డమైతే మొదటి విడత 3 మీద, వాటాన. మళ్లీ నురగ పట్టించి రెండో విడత 2 మీద, అడ్డంగా. వాటానికి ఎదురుగా గీయడం మెడ మీద ఈ నెలంతా మానుకో, బుగ్గల మీద కావాలంటే 1 మీద చేసుకో. విడతకొక అంకె తగ్గించుకుంటూ రావడమే ఈ రేజరు కొన్నందుకు దక్కే అసలు సౌఖ్యం. ఆఖరున చన్నీళ్లు, ఆపైన తడిపిన పటిక. పటిక ఎక్కడ చురుక్కుమంటుందో అక్కడ ఎక్కువ లాగావన్నమాట. మర్నాడు ఆ చోట చేయి తేలిక చేయి.

వాడాక నీళ్లలో కడిగి, మర కొంచెం వదులు చేసి, నీరు ఓడేలా నిలబెట్టు. బ్లేడును తువ్వాలుతో తుడవకు. వారానికొకసారి సబ్బు నీళ్లు, మెత్తటి టూత్ బ్రష్షు చాలు. తల జింకు మిశ్రమలోహంతో పోత పోసి క్రోమియం పూసినది, కింద పడి పూత పెచ్చు లేచిందంటే లోపలి లోహం తుప్పు పడుతుంది. స్నానాల గదిలో గచ్చు మీద పడేయకు. వాడిన బ్లేళ్లు ఒక రేకు డబ్బాలో వేసి పెట్టు. సంక్రాంతికి వచ్చేటప్పుడు బ్లేళ్లు చెక్-ఇన్ సామానులో పెట్టుకో, చేతి సంచిలో ఉంటే తీసిపారేస్తారు.

కొన్నాక నాలుగైదు గడ్డాలు అయ్యేదాకా అంకె గురించి తీర్పు చెప్పకు. ఆ తర్వాత ఏ అంకె మీద ఏ పక్కన ఇబ్బంది వస్తున్నదో, మెడ మీద వెంట్రుక వాటం ఎలా ఉందో రాసి పంపితే, రెండో నెలలో బ్లేడు మార్చాలా, వంపు మార్చాలా అన్నది అప్పుడు చూద్దాం. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు
నీ మిత్రుడు