ఉపాధ్యాయుల సమయం పాఠానికే దక్కాలి

బడులు తెరిచింది మొదలు వేసవి సెలవుల వరకు హాజరు, మధ్యాహ్న భోజనం, కిట్ల పంపిణీ అంటూ యాప్‌లలో చేయాల్సిన నమోదు ప్రభుత్వ ఉపాధ్యాయుల బోధన సమయాన్ని మింగేస్తోంది. పాత గుంటూరులోని ఒక ప్రాథమిక పాఠశాలలో మొదటి పీరియడ్ మొదలయ్యాక కూడా సిగ్నల్ కోసం వరండా చివర ఫోను ఎత్తి పట్టుకుని నిలబడ్డ టీచరును, లోపల ఏడో ఎక్కం సగంలో ఆపేసి గుమ్మం వైపు చూస్తున్న పిల్లలను ఇటీవల చూశాను. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులకు తప్ప బోధనేతర పనులకు ఉపాధ్యాయులను నియోగించరాదని 2009 విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. యాప్‌ల నమోదు ఆ నిర్వచనంలోకి వస్తుందా రాదా అన్న వాదన ఎలా ఉన్నా, నష్టపోతున్నది మాత్రం చదువే. వార్డు సచివాలయాల్లో విద్య, డేటా ప్రాసెసింగ్ కార్యదర్శులు ఉన్నారు కనుక ఈ నమోదును వారికి అప్పగించి, తరగతి వేళల్లో ఏ వివరాలూ అడగరాదని విద్యాశాఖ ఉత్తర్వు ఇవ్వాలి. ఆలోగా ఉపాధ్యాయులు నోటు పుస్తకాలను కట్టలుగా ఇంటికి మోయకుండా రోజుకో వరుస చొప్పున పిల్లల ఎదుటే దిద్దడం, మార్కులను ప్రతి పరీక్ష ముగిసిన వారంలోనే రిజిస్టరుకు ఎక్కించడం అలవాటు చేసుకుంటే సంవత్సరాంత పరీక్షల ముందు ఒత్తిడి చాలావరకు తగ్గుతుంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు