ఒక్క లారీ బొమ్మ, ఇద్దరు పిల్లలు

సంపాదకులకు,

మాది నరసన్నపేట దగ్గర పల్లె. మొన్న మనవడి కోసం అంగన్‌వాడీకి వెళ్తే, ఉన్న ఒక్క ప్లాస్టిక్ లారీ కోసం ఇద్దరు పిల్లలు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. ఆయమ్మ అరవలేదు, కొట్టలేదు, ఒకడి చేత ఇసుక ఎత్తించి రెండోవాడి చేత లారీ తోయించింది, కాసేపటికి ఇద్దరూ ఒకటే నవ్వులు. వాళ్ల తాతలు మాత్రం గట్టు తగాదా పెట్టుకుని ఏళ్లుగా మాట్లాడుకోరు!

శాంతి అంటే మనకు పోలీసు పికెట్టే గుర్తొస్తుంది, కానీ దాని పునాది ఇలా చిన్నప్పుడే పడుతుంది. అమెరికాలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ పరిశోధనలో 58 మంది పేద పిల్లలకు మంచి ప్రీస్కూల్ చదువు చెప్పి, అది అందని మరో 65 మందితో కలిపి పెద్దయ్యేదాకా గమనించారు. నలభై ఏళ్లొచ్చేసరికి ఐదుసార్లో అంతకన్నా ఎక్కువో అరెస్టయినవాళ్లు మొదటి గుంపులో 36 శాతం, రెండోదాంట్లో 55 శాతం. తేడా చిన్నదా?

మన తీరం ఊళ్లలో తండ్రులు చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీదికి పోతారు, పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతారు, ఇంట్లో కేకలూ దెబ్బలూ చూసిన పిల్లాడు మర్నాడు పక్కవాడి మీద అదే చేస్తాడు. అంగన్‌వాడీలు 1975 నుంచీ ఉన్నాయి, కానీ మనం అడిగేది గుడ్డు వచ్చిందా, పాలు వచ్చాయా అనే. కార్యకర్తకేమో ఫోన్‌లో ఎంట్రీలతోనే సగం రోజు సరి. పిల్లల్ని ఆడించే తీరిక, శిక్షణ ఆమెకివ్వాలి, తల్లుల మీటింగుల్లో కొట్టకుండా పెంచడం గురించీ మాట్లాడాలి.

ముందు మా సెంటర్‌కి ఇంకో లారీ బొమ్మ ఇప్పిస్తే చాలు.

- ఒక తాత, శ్రీకాకుళం జిల్లా