సముద్రపు ఒడ్డున గాలం వేసేవారికి: ఈ సీజన్ నుంచి మా దుకాణంలో ఏ రీళ్లు ఉంటాయి, ఏవి ఉండవు

గుంటూరు అరండల్‌పేటలోని మా దుకాణానికి వచ్చేవారిలో ఎక్కువమంది ఇన్నాళ్లూ కృష్ణా నదిలోనూ, కాలువల్లోనూ, చెరువుల్లోనూ బొచ్చె, శీలావతి, కొర్రమీనుల కోసం గాలం వేసేవారే. ఇప్పుడు వారిలో చాలామంది సెలవు దొరికితే సూర్యలంకకో, వాడరేవుకో, నది సముద్రంలో కలిసే హంసలదీవికో వెళ్లి, ఒడ్డున నిలబడి కెరటాల అవతలికి ఎర విసురుతున్నారు. గాలం దారాన్ని, అంటే లైన్‌ను, చుట్టుకునే రీల్ చెరువు దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినా సముద్రం దగ్గర ఒక్క సీజన్ కూడా ఆగలేదని, దాన్ని తెచ్చి మా బల్ల మీద పెట్టేవారూ పెరిగారు. అందువల్ల సముద్రపు వేట కోసం మేము ఉంచే స్పిన్నింగ్ రీళ్ల రకాలను బాగా తగ్గించాలని నిర్ణయించుకున్నాము. ఎందుకు తగ్గిస్తున్నామో, మిగిలినవాటిని ఏ లెక్కన ఎంచామో మీకు దాచకుండా చెప్పాలని ఇది రాస్తున్నాము.

ముందుగా మానేస్తున్న వాటి గురించి. పన్నెండు, పదమూడు బేరింగులున్నాయని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి, తక్కువ ధరకు వచ్చే రీళ్లను సముద్రపు వేటకని అడిగేవారికి ఇకపై ఇవ్వము. వాటి మీద మాకు మిగిలేది తక్కువేమీ కాదు, అమ్మకమూ త్వరగా జరుగుతుంది. కానీ బేరింగుల సంఖ్య నాణ్యతకు కొలత కాదు. ప్రధాన పళ్లచక్రానికి రెండు వైపులా, దానితో కలిసి తిరిగే చిన్న చక్రం (పినియన్) దగ్గర, లైన్ తిరిగే రోలర్ లోపల మంచి ఉక్కుతో చేసి కప్పు వేసిన బేరింగులు ఉంటే పని సాఫీగా సాగుతుంది. హ్యాండిల్ పిడిలో ఇంకో నాలుగు చేర్చినంత మాత్రాన ఉప్పునీటికి ఆ రీల్ తట్టుకోదు. నిజానికి అన్నింటికంటే ముందు చెడేది ఆ చిన్న లైన్ రోలర్ బేరింగే, ఎందుకంటే తడిసిన లైనంతా ఇసుకతో సహా దాని మీదుగానే లోపలికి వస్తుంది. అది బిగుసుకుపోతే లైన్ మెలిపడుతుంది, అల్లిన లైన్ అయితే రోలర్ మీద గాడి పడుతుంది. దుకాణంలో రీల్ చూసేవారు ముందు ఈ రోలర్‌ను వేలితో తిప్పి చూడాలని మా కోరిక.

ఇక నీరు చొరకుండా చేసే ఏర్పాటు. మా ఎంపికలో దీనికే పెద్ద పీట వేశాము. పెన్ కంపెనీ స్పిన్‌ఫిషర్ ఆరో తరానికి ఐపీఎక్స్5, స్లామర్ నాలుగో తరానికి ఐపీఎక్స్6 స్థాయి రక్షణ ఉన్నదని ప్రకటించింది. మొదటిదానికి అర్థం, 6.3 మిల్లీమీటర్ల గొట్టంతో నిమిషానికి 12.5 లీటర్ల చొప్పున అన్ని దిక్కుల నుంచీ నీరు చిమ్మినా లోపలికి హాని కలిగించేంతగా చేరదని, రెండోదానికి 12.5 మిల్లీమీటర్ల గొట్టంతో నిమిషానికి 100 లీటర్లు. అయితే ఈ పరీక్ష మంచినీటితో చేసేది. ఏళ్ల తరబడి ఉప్పు పేరుకుంటే లోహం ఏమవుతుందో అది చెప్పదు. అందుచేత సీల్ ఉన్న రీల్‌ను కడగనక్కరలేదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. రబ్బరు సీళ్లున్న రీల్ కొత్తలో చేతికి కొంచెం బిగువుగా తగులుతుందని కూడా ముందే చెబుతున్నాము. చాలామంది మా బల్ల ముందు నిలబడి హ్యాండిల్ ఒక్కసారి తిప్పి, ఏది తేలికగా తిరిగితే అదే మంచిదని తీర్మానిస్తారు. లోపలి లోటును చిక్కటి గ్రీజుతో కప్పిన రీల్ కూడా కొత్తలో వెన్నలాగే తిరుగుతుంది.

డైవా కంపెనీ మ్యాగ్‌సీల్డ్ పద్ధతి వేరు. అయస్కాంతం పట్టి ఉంచే ప్రత్యేకమైన నూనె అడ్డుగోడలా నిలుస్తుంది కాబట్టి రబ్బరు రాపిడి ఉండదు, తిరగడం హాయిగా ఉంటుంది. కానీ దాన్ని మామూలు పద్ధతిలో విప్పితే ఆ నూనె చెదిరిపోతుంది. మా దగ్గర ఆ పని చేసే సదుపాయం లేదు, కంపెనీ సర్వీసుకు పంపవలసి వస్తుంది. ఆలస్యానికి సిద్ధపడిన వారికి మాత్రం ఆర్డరు మీద తెప్పిస్తాము.

పళ్లచక్రాల విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు: ఒడ్డున వంద గ్రాముల పైబడిన సీసం గుండును పదేపదే లాగే రీల్‌కు గట్టి లోహపు బాడీ, యంత్రంతో కచ్చితంగా కోసిన ఇత్తడి చక్రమో లేక ఒత్తిడితో మలచిన గట్టి అల్యూమినియం చక్రమో ఉండాలి. పోతపోసిన జింకు చక్రంతో, ప్లాస్టిక్ బాడీతో వచ్చేవి బరువు పడినప్పుడు లోపల వంగి, పళ్లు అరుగుతాయి.

డ్రాగ్ గురించి, అంటే చేప గట్టిగా లాగినప్పుడు లైన్‌ను కొంత పట్టుతో వదిలే బ్రేకు లాంటి ఏర్పాటు గురించి మాత్రం కాస్త ఓపికగా చదవండి. పదిహేను, ఇరవై కిలోల డ్రాగ్ అని రాసి ఉన్న రీల్ కావాలని అడిగేవారు చాలామంది. మీరు వాడే లైన్ తెగే బలం తొమ్మిది కిలోలైతే, డ్రాగ్‌ను అందులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య, అంటే రెండుంపావు నుంచి మూడు కిలోల దగ్గర బిగించుకోవడం సరైన పద్ధతి. అంతకు మించి బిగిస్తే, మంచి పండుగప్పో మాగో ఒక్కసారిగా పరుగు తీసినప్పుడు లైనో ముడో తెగుతుంది. కాబట్టి చూడవలసింది పెద్ద సంఖ్య కాదు. ఆ మూడు కిలోల దగ్గర డ్రాగ్ కుదుపు లేకుండా మొదలవుతుందా, చేప చాలాసేపు లాగి వేడెక్కినా అదే పట్టు నిలుపుతుందా అన్నది. కార్బన్ ఫైబర్ వాషర్లు ఇందులో మేలు. ఫెల్ట్ వాషర్లు తడిసినప్పుడు ఒకలా, ఆరినప్పుడు ఒకలా ప్రవర్తిస్తాయి. మా దగ్గర స్ప్రింగు త్రాసు ఉన్నది. మీరు కొనదలచిన రీల్ లైన్‌ను దానికి కట్టి నెమ్మదిగా లాగి చూపిస్తాము. ముల్లు ఒకచోట నిలకడగా ఉంటే మంచి డ్రాగ్, ఎగిరెగిరి పడుతుంటే ఎంత పేరున్న కంపెనీదైనా వదిలేయండి.

పరిమాణం దగ్గర కంపెనీల అంకెలు ఒకదానితో ఒకటి కలవవు. 2018లో డైవా ఎల్‌టీ పేరుతో అంకెలు మార్చినప్పటి నుంచి ఆ కంపెనీలోనే పాత 3000కు సుమారుగా సమానమైనది ఇప్పుడు 4000 అయింది. అందుకే స్పూల్‌లో, అంటే లైన్ చుట్టుకునే ఉండలో, ఎంత మందం లైన్ ఎన్ని మీటర్లు పడుతుందో చూసి ఎంచుకోండి. మన తీరంలో జెల్ల, గొరక, పార వంటి వాటికి 0.35 మిల్లీమీటర్ల నైలాన్ రెండువందల యాభై మీటర్లు పట్టే స్పూల్ చాలు. అల్లిన లైన్ వాడేవారు పీఈ (అల్లిన లైన్ మందాన్ని తెలిపే అంకె) 2 నుంచి 3 మధ్య ఎంచుకుని, అడుగున కొంత నైలాన్ చుట్టించుకోవాలి, లేకపోతే స్పూల్ మీద లైన్ మొత్తం జారిపోతుంది. విసిరే దెబ్బకు తట్టుకునే ముందరి లైన్‌కు, ఒక ఔన్సు సీసానికి పది పౌండ్ల బలం అన్న లెక్క పాటించండి. నాలుగు ఔన్సుల, అంటే సుమారు 113 గ్రాముల గుండుకు నలభై పౌండ్లు కావాలి. ఇది ఖర్చు కోసం చెబుతున్న మాట కాదు, తెగి ఎగిరిన గుండు పక్కన నిలబడ్డ మనిషికి తగులుతుంది.

ఇలా లెక్క వేస్తే మిగిలే రీళ్లు సుమారు ఆరువందల గ్రాముల బరువుంటాయి, ధర కూడా చెరువు రీల్‌కు కొన్ని రెట్లు ఉంటుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే సరదాగా బీచికి వెళ్లేవారికి ఇంత ఖర్చు అవసరం లేదని మా అభిప్రాయం. వారు సీల్ లేకపోయినా లోహపు బాడీ, కార్బన్ డ్రాగ్ ఉన్న మధ్యరకం రీల్ తీసుకుని శ్రద్ధగా చూసుకుంటే సరిపోతుంది. డబ్బు తక్కువైతే రాడ్ దగ్గర కొంత తగ్గించుకోండి, రీల్ దగ్గర తగ్గించవద్దు.

వేట ముగిశాక డ్రాగ్ బిగించి, కుళాయి నీటిని సన్నటి ధారగా పోసి కడిగి, నీడలో ఆరబెట్టి, ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చేయండి. బిగించే ఉంచితే వాషర్లు అణిగిపోతాయి. బండి కడిగే ప్రెషర్ పంపు మాత్రం వాడవద్దు, అది ఉప్పునూ ఇసుకనూ లోపలికి తోస్తుంది. బకెట్ నీళ్లలో నానబెట్టడం కూడా మంచిది కాదు.

పాత రీళ్లను మా దగ్గరే కొన్నారా, బయట కొన్నారా అన్నది చూడకుండా విప్పి, శుభ్రం చేసి, గ్రీజు వేసి ఇస్తాము. లైన్ రోలర్ బేరింగులు, డ్రాగ్ వాషర్లు మేము నిల్వ ఉంచే మోడళ్లకు వెంటనే దొరుకుతాయి. మిగిలినవాటికి కొలత పంపి తెప్పించాలి, కొన్నింటికి అసలు దొరకవు. అలాంటివాటికి కూలి తీసుకోకుండా ఆ మాటే చెప్పి తిరిగి ఇస్తాము. లైన్ చుట్టించుకునేవారు రాడ్ అక్కరలేదు, రీల్ ఒక్కటి తెస్తే చాలు. తడి చేసిన లైన్‌ను బిగువుగా, స్పూల్ అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ ఉండేలా చుట్టి ఇస్తాము.