వారానికో ముసలావిడను చంపకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో పోయిన వారం కూడా ఒక ముసలావిడ చనిపోయింది. అంతకు ముందు వారం ఆవిడ చనిపోలేదు గానీ వృద్ధాశ్రమం అరుగు మీద కూర్చుని అమెరికా నుంచి రాని ఫోన్ కోసం ఎదురుచూసింది. ఆ ముందు వారం కథలో కొడుకులిద్దరూ ఆవిడను నెలకొకరు చొప్పున పంచుకున్నారు. నేను మీ పత్రిక నలభై ఏళ్లుగా వేయించుకుంటున్నాను. ఇప్పుడు నాకు అరవై ఏడు. ఈ లెక్కన నేనింకా నిక్షేపంలా తిరగడం మీ కథకులకు ఏమంత నచ్చే విషయం కాదనుకుంటా.

ఆ కష్టాలు అబద్ధమని నేననను. మా వీధిలోనే ఉన్నాయి, రాయాల్సిందే. కానీ అరవై దాటిన ఆడవాళ్లు ఏడవడం తప్ప ఇంకేం చేస్తారో మీ పేజీల్లో ఎక్కడా కనపడదు. ముఖ్యంగా మాకు స్నేహితురాళ్లు ఉంటారన్న సంగతే ఎవరికీ తట్టినట్టు లేదు.

మేం నలుగురం. పేర్లు రాస్తే గొడవలొస్తాయి కాబట్టి రాయను. ఒకావిడ హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. ఒకావిడ బ్యాంకులో చేశారు, ఆవిడను వదినగారూ అంటాం. ఇంకొకామె నాతో ఆరో తరగతి చదువుకున్నది. పెళ్లిళ్లయ్యాక వాళ్లాయన ట్రాన్స్‌ఫర్లూ మా ఆయన ట్రాన్స్‌ఫర్లూ కలిసి మా ఇద్దరినీ ముప్పై ఏళ్లు విడదీశాయి. మళ్లీ కాకినాడలోనే, ఒకే అపార్ట్‌మెంట్‌లో, లిఫ్టు పనిచెయ్యని రోజున మెట్ల మీద దొరికింది. నన్ను "ఒసేయ్" అని పిలిచే మనిషి ఇప్పుడు ఆమె ఒక్కతే. తక్కిన లోకానికి నేను మామ్మగారినో, ఆంటీనో, ఫలానావాళ్ల అత్తగారినో.

సాయంత్రం ఐదున్నరకు కింద సిమెంటు బల్ల దగ్గర చేరతాం. "ఫాస్టింగ్ ఎంతొచ్చిందే?" అని అడుగుతుంది ఒకామె. "నూట పదహారు." "శుభం. ఎవరో చదివించినట్టే వచ్చిందిగా!" ఇలాగే ఉంటాయి మా మాటలు. గంటన్నర నవ్వుతాం. వాచ్‌మన్‌కి మేమంటే కొంచెం భయం.

మొన్న కార్తీకంలో ద్రాక్షారామం వెళ్లాం. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు మొదలు ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, అప్పట్నుంచి మా కాళ్లు ఇంట్లో నిలవడం లేదు. సోమవారం జనం తొక్కేస్తారని బుధవారం పెట్టుకున్నాం. బస్సెక్కాక ముగ్గురికి సున్నా టికెట్లు కొట్టి, కండక్టరు కుర్రాడు వదినగారి ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అమ్మగారూ, ఇందులో మీసాలున్నాయండి."

వాళ్లాయన కార్డు పట్టుకొచ్చేసింది! ఆవిడేం తడబడలేదు. "మా ఆయనా నేనూ వేరా బాబూ?" అంది. "మీకు వేరు కాదండి, గవర్నమెంటుకి వేరండి" అన్నాడతను వినయంగా. డబ్బులిచ్చి టికెట్ తీసుకుంది. ఆ బస్సులో డబ్బులిచ్చిన ఆడది తనొక్కతే కాబట్టి కిటికీ పక్క సీటు న్యాయంగా తనదేనని దారి పొడుగునా మమ్మల్ని జరిపింది. అదే సమయానికి అక్కడ వాళ్లాయన పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇద్దామని వెళ్లి, తాను బతికే ఉన్నానని రుజువుగా ఈవిడ ఆధార్ చూపించారట. సగం దారిలో ఫోన్ వచ్చింది. ఆ ఫోన్ సంభాషణ ఇక్కడ రాయను, వెనక సీట్లవాళ్లు కూడా విన్నారు.

ద్రాక్షారామంలో భీమేశ్వరస్వామి లింగం రెండంతస్తుల ఎత్తు. కింద చూసి, మళ్లీ పైకెక్కి చూడాలి. మా ఎనిమిది మోకాళ్లలో సవ్యమైనవి మూడు. ఒకళ్ల భుజం ఒకళ్లు పట్టుకుని రైలుబండిలా ఎక్కాం. దర్శనమయ్యాక మూటలు విప్పితే ఇద్దరు పులిహోర తెచ్చారు, దద్దోజనం ఎవరూ తేలేదు. "మీరేగా తెస్తానన్నారు?" అని హెడ్మిస్ట్రెస్ గారు, "నేనెప్పుడన్నాను?" అని వదినగారు. వాట్సాప్ తీసి, కళ్లజోళ్లు మార్చుకుని మరీ సాక్ష్యాలు వెతికారు. తిరుగుబస్సులో ఇద్దరూ మాట్లాడుకోలేదు. కాకినాడలో దిగేటప్పుడు మాత్రం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే దిగారు, మెట్టు ఎత్తు మరి.

దీన్నే కథగా రాసి, హామీపత్రం కూడా జతచేసి, ఒక వారపత్రిక పోటీకి పంపాను. ఫలితాల్లో పేరు లేదు. ఫోన్ చేసి అడిగితే అక్కడి అబ్బాయి మర్యాదగానే చెప్పాడు: "మేడమ్, బాగుంది కానీ సంఘర్షణ లేదండి. చివర్లో ఒకరికి ఏదైనా అయినట్టు రాస్తే బలంగా ఉంటుంది." పులిహోర దగ్గర జరిగినది సంఘర్షణ కాకపోతే మరేమిటో నాకు తెలియలేదు. సరే, ఎవరికి ఏమవ్వాలి అని బల్ల దగ్గర ఓటింగ్ పెట్టాను. ముగ్గురూ నా పేరే చెప్పారు. కథ నాదట, త్యాగం నేనే చెయ్యాలట.

తప్పు ఆ అబ్బాయిది కాదని నా అభిప్రాయం. ఇవాళ కథలు రాసే పిల్లలు మమ్మల్ని చూసేది రెండే చోట్ల. పండక్కి వచ్చినప్పుడు, లేదంటే ఆస్పత్రిలో. ఆ రెండు చోట్లా మేం నిజంగానే నీరసంగా ఉంటాం. పండక్కి ఇరవై మందికి వంట, ఆస్పత్రిలో సెలైను. బల్ల దగ్గర మమ్మల్ని చూసినవాళ్లెవరు? చూడని దాన్ని ఎలా రాస్తారు పాపం.

పోనీ తెలుగువాళ్లకు హాస్యం చేతకాదా అంటే అదీ కాదు. మొక్కపాటివారి నవల్లో బారిస్టర్ పార్వతీశం మొగల్తూరు నుంచి బయల్దేరి వందేళ్లు దాటింది, ఇప్పటికీ నవ్విస్తూనే ఉన్నాడు. పెద్దావిడను నడిమధ్య కూర్చోబెట్టిన కథలంటే నాకు మొదట గుర్తొచ్చేవి భానుమతిగారి అత్తగారి కథలే. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అయితే అక్కడ అత్తగారి సంగతులు మనకు చెప్పేది కోడలు. అత్తగారు తన ఈడువాళ్లతో కూర్చుని కోడలి సంగతులు చెప్పుకుని నవ్వే కథలు కావాలి నాకు. అవి బోలెడున్నాయి. నా దగ్గరే ఒక పాతిక ఉన్నాయి. (మా కోడలు మీ పత్రిక చదవదు, అందుకే ధైర్యంగా రాస్తున్నాను.) టీవీ సీరియళ్ల జోలికి నేను పోను. అక్కడ మా ఈడు ఆడది కుట్రలైనా చెయ్యాలి, కళ్లయినా ఒత్తుకోవాలి.

ఇంక బొమ్మల విషయం. మీ చిత్రకారులు చాలా బాగా వేస్తారు. కానీ కథలో అరవై ఏళ్లని ఉంటే చాలు, తెల్లచీర, వంగిన నడుము, చేతికర్ర, పక్కన కిటికీ, కిటికీలోంచి సూర్యాస్తమయం. మా హెడ్మిస్ట్రెస్ గారికి డెబ్బై. స్కూటీ మీద రైతుబజారుకు వెళ్లి బేరమాడి వంకాయలు తెస్తారు. మా అందరి యూనిఫారం నైటీ, పైన ఒక తువ్వాలు. అది గీయడానికి ఎవరూ సాహసించకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

అందుచేత నా మనవి. ఈసారి పండగకు కథల పోటీ పెట్టినప్పుడు హాస్యకథలకు విడిగా ఒక బహుమతి పెట్టండి. నిబంధనల్లో ఇవి కూడా చేర్చండి: కథలో అరవై దాటిన ఆడవాళ్లు కనీసం ఇద్దరుండాలి, వాళ్లు స్నేహితురాళ్లయి ఉండాలి, ఆఖరి పేరా దాకా అందరూ బతికుండాలి. అచ్చు వేసేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవి వాడండి. మేం నలుగురం ఒకే పేపరు పంచుకుని చదువుతాం, కళ్లజోళ్లు మాత్రం పంచుకోలేం.

ఈ ఉత్తరం పోస్టు చేసే ముందు బల్ల దగ్గర చదివి వినిపించాను. దద్దోజనం తెస్తానని తాను ఎప్పుడూ అనలేదని, ఇందులో తనకు అన్యాయం జరిగిందని వదినగారు రేపే మీకు ఖండన పంపుతానంటున్నారు. స్థలం ఉంటే వేయండి.

ఇట్లు,
మీ పాత చందాదారు,
కాకినాడ