రొమ్ము క్యాన్సర్ తర్వాత చేయి వాస్తే ఆపరేషన్ ఉంది, ముందే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసమని అక్టోబరులో మీ పత్రిక వరుసగా వ్యాసాలు వేసింది. గడ్డను ఎలా పరీక్షించుకోవాలి, మామోగ్రామ్ ఎప్పుడు తీయించుకోవాలి, కీమో అప్పుడు ఏం తినాలి, అన్నీ చదివాను. మా షాపుకు వచ్చే ఆడవాళ్లకూ చదివి వినిపించాను. వైద్యం అయిపోయాక చేయి వాచిపోయే సంగతి మాత్రం ఎక్కడా లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను తెనాలిలో జాకెట్లు కుడతాను. నాకు కుడిపక్క రొమ్ము తీసి, చంకలో బిళ్లలు (లింఫ్ గ్రంథులు) కూడా తీసేశారు. తర్వాత కీమో, ఆ తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టారు. ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ ఇచ్చి, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పారు. చేయి గురించి ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఏడాది తిరిగాక, కత్తెర పట్టుకుంటే సాయంత్రానికి ముంజేయి బరువెక్కడం మొదలైంది. గాజులు ఎక్కలేదు. జాకెట్టు కుడిచేయి కుట్టు విప్పి లూజు చేసుకుంటే, నెల తిరక్కుండా మళ్లీ పట్టేసేది.

మా వైపు కాలో చెయ్యో వాస్తే ముందు ఫైలేరియా అంటారు. రాత్రిపూట రక్తం తీసి పరీక్ష చేశారు, మాత్రలు మింగించారు. ఇరుగుపొరుగు నా చేతి మంచినీళ్లు పుచ్చుకోవడం మానేశారు. దోమ కుట్టినా, సూది గుచ్చుకున్నా చేయంతా ఎర్రగా కాలిపోయి చలిజ్వరం వచ్చేది. సూదితో బతికే మనిషికి అదెంత టెన్షనో ఎలా చెప్పను?

దీన్ని లింఫెడిమా అంటారని చాలా ఆలస్యంగా తెలిసింది. చేతిలోని లింఫ్ నీరు చంక బిళ్లల మీదుగా పైకి పోవాలి. ఆ బిళ్లలు తీసి, పైన రేడియేషన్ కూడా పడితే దారి మూసుకుపోతుంది. చంక బిళ్లలన్నీ తీసినవాళ్లలో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఈ వాపు వస్తుంది. ముందు ఒకటి రెండు బిళ్లలే తీసి చూసే సెంటినెల్ పద్ధతిలో అయితే సుమారు ఇరవైమందిలో ఒకరికి. ఇది అంటురోగం కాదు. కట్లు, మసాజ్, వ్యాయామం, చేతికి తొడిగే బిగుతు స్లీవ్, మొదటి వైద్యం ఇవే. ఇవి చేసినా వాపు లొంగకపోతే ఆపరేషన్ ఉంది.

నాకు హైదరాబాద్‌లో ఒక ప్లాస్టిక్ సర్జన్ చేశారు. వేళ్ల మధ్య ఆకుపచ్చ రంగు మందు ఎక్కించి కెమెరాతో చూస్తే, ముంజేతిలో లింఫ్ నాళాలు తెరమీద తెల్లగీతల్లా వెలిగాయి. మోచేయి పైన అంతా మసకే. గీతలు కనిపిస్తున్నంత వరకు నాళాలు పనిచేస్తున్నట్టేనని, నాకు ఎల్‌వీఏ, అంటే లింఫ్ నాళాన్ని సిరకు కలిపే ఆపరేషన్, చేయొచ్చని అన్నారు. ముంజేతి మీద చిన్న గాట్లు పెట్టి, మిల్లీమీటరు మందం కూడా లేని లింఫ్ నాళాన్ని పక్కనున్న సన్నటి సిరకు మైక్రోస్కోప్ కింద కలిపి కుట్టారు. చంక దాకా వెళ్లలేని నీరు మధ్యలోనే రక్తంలో కలిసిపోతుంది. ఇంత సూక్ష్మమైన కుట్టును అభివృద్ధి చేసినవారిలో జపాన్ డాక్టర్ ఇసావో కోషిమా ముఖ్యులట. ఆ దారం చూపించమని అడిగాను. చూపించారు, నా కంటికి ఆనలేదు.

చేయి మునుపటిలా అయిపోలేదు. వాపు చాలావరకు తగ్గింది, పగలు స్లీవ్ వేసుకుంటున్నాను. జ్వరాలు ఆగాయి. మళ్లీ మిషన్ తొక్కుతున్నాను.

బాపట్ల వైపు నుంచి నా దగ్గరికి వచ్చే ఒకావిడకు ఈ అవకాశం దాటిపోయింది. నీరు ఏళ్ల తరబడి నిలిచి లోపల కొవ్వు చేరింది, చర్మం గట్టిపడింది. వేలితో నొక్కితే గుంట పడదు. ఆమెకు లైపోసక్షన్, అంటే కొవ్వును గొట్టంతో పీల్చి తీసే ఆపరేషన్, చెప్పారు. స్వీడన్‌లోని మాల్మోలో డాక్టర్ హోకాన్ బ్రోర్సన్ ఈ పద్ధతితో మంచి ఫలితాలు చూపించారు. కానీ కొవ్వు తీశాక జీవితాంతం రాత్రీ పగలూ స్లీవ్ వేసుకోవాలి. మే నెల ఉక్కలో అదెలా అని ఆవిడ వెనకాడుతోంది. గజ్జల్లోంచో, కడుపులోని కొవ్వుపొరలోంచో లింఫ్ గ్రంథులను రక్తనాళాలతో సహా తెచ్చి చేతిలో అమర్చే ఆపరేషన్ కూడా ఉంది. ఎవరికి ఏది అన్నది సర్జన్ చూసి చెప్పాలి. ఇటలీలోని జెనోవా డాక్టర్లయితే చంక బిళ్లలు తీసేటప్పుడే తెగిన నాళాలను సిరకు కలిపే పద్ధతి మొదలుపెట్టారు. వాపు రాకముందే ఆపాలని వాళ్ల ప్రయత్నం.

నా క్యాన్సర్ వైద్యం ప్రభుత్వ పథకంలో జరిగింది. చేతికి మాత్రం నా గొలుసు తాకట్టు పెట్టాను. తాకట్టుకు ఏమీ లేనివాళ్లు వాచిన చేత్తోనే నాట్లు వేస్తున్నారు, బట్టలు ఉతుకుతున్నారు. ఆరు నెలలకోసారి మార్చాల్సిన స్లీవ్‌నూ, ఈ ఆపరేషన్లనూ పథకం కింద ఉచితంగా అందించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. రొమ్ము ఆపరేషన్‌కు ముందే రెండు చేతుల చుట్టుకొలతలూ టేపుతో తీసి కేస్ షీట్‌లో రాయాలి. తర్వాత చెకప్‌కు వచ్చినప్పుడల్లా మళ్లీ కొలవాలి. ఒకే చోట రెండు సెంటీమీటర్లు తేడా వస్తే ఆ రోజే ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపాలి. టేపు పట్టడం నర్సమ్మకు రెండు నిమిషాల పని. మీ పత్రిక కూడా ఈసారి చేయి వాపు మీద ఒక పూర్తి పేజీ ఇవ్వాలని మనవి.

– ఒక టైలర్, తెనాలి