ఆరోగ్య మంత్రి గారికి: గొత్తికోయ గూడేల్లో మనసుకు వైద్యం ఎవరు చేస్తారు?

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను భద్రాచలం ఏజెన్సీలో హెల్త్ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. టీకాలకీ, మలేరియా పరీక్షలకీ ఏఎన్ఎంలతో కలిసి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గొత్తికోయ ఆదివాసీల గూడేలన్నీ తిరిగినదాన్ని. ఆ గూడేల్లో రక్తపరీక్షలో దొరకని జబ్బు ఒకటుంది. దానికి వైద్యం చేసేవాళ్ళను తయారుచేయమని అడగడానికే ఈ ఉత్తరం.

హైదరాబాద్ ఫైళ్ళలో వీళ్ళు ‘వలస గిరిజనులు’. కూలి కోసం వచ్చినవాళ్ళేమో అనిపిస్తుంది. అసలు సంగతి అది కాదు. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో, అప్పటి దంతెవాడ జిల్లాలో, మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వం అండతో నడిచిన సల్వాజుడుం మొదలైంది. ఊళ్ళకు ఊళ్ళు తగలబడ్డాయి. మిగిలిన జనాన్ని రోడ్ల పక్క క్యాంపుల్లోకి తోలారు. క్యాంపుకు వెళ్తే మావోయిస్టులకు కోపం, వెళ్ళకపోతే జుడుం వాళ్ళకు కోపం. రెండు వైపులా వేగలేక వేలమంది అడవి దారులు పట్టి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాలకు వచ్చి, పోడు కొట్టుకుని గుడిసెలు వేసుకున్నారు. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల సుప్రీంకోర్టు బెంచి, ఆదివాసీ కుర్రాళ్ళను ఎస్పీవోలుగా (స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా) చేర్చుకుని తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. తీర్పు వచ్చినా చాలామంది వెనక్కి వెళ్ళలేదు. ఇక్కడేమో ఎస్టీలుగా గుర్తింపు లేదు, పోడుకు పట్టా లేదు. 2017లో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీశాఖ వాళ్ళు వీళ్ళ గుడిసెలు కూల్చారు. అక్కడ ఇల్లు కాలిపోయినవాళ్ళకు ఇక్కడ ఇల్లు కూలిపోయింది.

ఆ తర్వాత కూడా తెరిపి లేదు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల వైపు రావద్దని, మందుపాతరలు పెట్టామని మావోయిస్టులు లేఖ విడుదల చేశారు. ఆ వెంటనే వేల బలగాలు ఆ గుట్టల్ని చుట్టుముట్టాయి. వెదురుకీ, తునికాకుకీ పోయే దారులవి. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర వేసి ఒకరు చంపితే, కొరియర్ అన్న అనుమానంతో ఇంకొకరు పట్టుకుపోయిన కాలం ఇది.

ఇంత జరిగాక మనిషి పీహెచ్‌సీకి వచ్చి ‘నాకు భయంగా ఉంది’ అని చెప్పదు. తలపోటు అంటుంది, ఒళ్ళంతా మంట అంటుంది, గుండె దడ అంటుంది. మేం వేలు గుచ్చి మలేరియా కిట్ మీద రక్తపు చుక్క వేస్తాం. నెగెటివ్. పారాసిటమాల్, బీకాంప్లెక్స్ ఇచ్చి పంపుతాం. పది రోజులకు మళ్ళీ అదే మనిషి, అదే తలపోటు. రాత్రి కుక్క మొరిగితే పిల్లల్ని లేపుకుని చెట్లలోకి పోయి కూర్చునే తల్లుల్ని చూశాను. హెలికాప్టర్ చప్పుడుకు బడి వదిలి పరుగెత్తే పిల్లలు, ఎనిమిదేళ్ళొచ్చినా పక్క తడిపే పిల్లలు, సాయంత్రమయ్యేసరికి సారాలో మునిగే మగవాళ్ళు. ఓపీ రిజిస్టరులో వీటికి గడి లేదు. ‘ఒళ్ళు నొప్పులు’ అని రాసుకుంటాం.

మానసిక సాయానికి టెలీమానస్ హెల్ప్‌లైన్ ఉంది కదా, 14416కు ఫోన్ చేయమనండి అని మీ అధికారులు అంటారేమో. 2022 అక్టోబరు 10న మొదలైన ఆ సేవను నేను తప్పు పట్టను. పట్నంలో పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్లవాడికి అది పనికొస్తుంది. సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన గూడెంలో, తెలుగే సరిగా రాని ముసలమ్మ, ఎవరు వింటున్నారో తెలియని ఫోన్‌లో తన కొడుకు ఎలా పోయాడో చెబుతుందా? ఫోన్ అంటేనే అనుమానం పుట్టే చోటు అది.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 18వ సెక్షన్ ప్రతి మనిషికీ ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యం పొందే హక్కు ఇచ్చింది. ఎస్టీ సర్టిఫికెట్ ఉందా అని అది అడగదు. 31వ సెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల మెడికల్ ఆఫీసర్లందరికీ కనీస మానసిక వైద్యంలో, అత్యవసర వైద్యంలో శిక్షణ ఇవ్వాలంది. జనాభాకు తగినంతమంది నిపుణుల్ని, అంతర్జాతీయ ప్రమాణాలకు తగ్గట్టు, పదేళ్ళలో సమకూర్చుకునే ప్రయత్నం చేయాలనీ చెప్పింది. చట్టం అమల్లోకి వచ్చింది 2018లో. గడువు 2028.

అప్పటికి కూడా గోదావరి ఒడ్డుకు సైకియాట్రిస్టులు బారులు తీరి వస్తారన్న ఆశ నాకు లేదు. ఉన్న పోస్టులకే డాక్టర్లు రారు, వచ్చినవాళ్ళు డిప్యుటేషన్ మీద వెళ్ళిపోతారు. అందుకని అక్కడి మనుషులకే నేర్పాలి. కోయ మాట్లాడే ఆశాలకు, ఏఎన్ఎంలకు, గూడేల్లోంచే వచ్చిన ఇంటర్, డిగ్రీ చదివిన అమ్మాయిలకు, అబ్బాయిలకు.

ఇది నా ఊహ కాదు. ఉగాండాలో నకివాలే అనే శరణార్థుల సెటిల్‌మెంటు ఉంది. రువాండా నుంచి, సోమాలియా నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్ళు అక్కడ ఉంటారు. జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయం మనస్తత్వవేత్తలు ఆ శరణార్థుల్లోంచే మామూలు మనుషుల్ని ఎంచుకుని కౌన్సెలర్లుగా తయారుచేశారు. ఆ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. ఆ కౌన్సెలర్ల దగ్గర చికిత్స పొందినవాళ్ళు, చికిత్స లేకుండా కేవలం గమనిస్తూ వచ్చినవాళ్ళకన్నా బాగా కోలుకున్నారు. కౌన్సెలర్లకు నేర్పిన పద్ధతుల్లో ఒకటి మన గూడేలకు సరిగ్గా సరిపోతుందని నా నమ్మకం. నేల మీద ఒక తాడు పరుస్తారు. అది ఆ మనిషి జీవితం. మంచి జరిగిన చోట పువ్వు, గాయమైన చోట రాయి పెట్టిస్తారు. తర్వాత రోజుల్లో పుట్టినప్పటి నుంచి మొదలుపెట్టి వరసగా ఆ కథ చెప్పిస్తారు. రాయి దగ్గరికొచ్చినప్పుడు తొందరపెట్టరు. అప్పుడేం చూశావు, ఒంట్లో ఏమనిపించింది, ఇప్పుడు చెబుతుంటే ఏమనిపిస్తోంది అని పక్కనే కూర్చుని అడుగుతారు. చెదిరి ముక్కలై తిరిగే జ్ఞాపకం ఒక చోటికీ, ఒక కాలానికీ చెందినదిగా కుదురుకుంటుంది. అది అప్పుడు జరిగింది, ఇప్పుడు జరగడం లేదని మనిషికి తెలిసొస్తుంది. దీనికి చదువు రానక్కర్లేదు. ఆ ప్రయోగంలో మామూలు ట్రామా కౌన్సెలింగ్ పొందినవాళ్ళూ దాదాపు అంతే బాగుపడ్డారు. అంటే పద్ధతి ఒక్కటే కాదు, నేర్చుకున్న మనిషి ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ వచ్చి కూర్చోవడమూ పనిచేసిందని నేను అర్థం చేసుకున్నాను.

అందరికీ ఇంత అక్కర్లేదు కూడా. గాయపడినవాళ్ళలో చాలామంది కాస్త భద్రత, తిండి, నిద్ర, అయినవాళ్ళు దగ్గరుంటే కోలుకుంటారు. వాళ్ళకు ప్రాథమిక మానసిక సాయం చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే దానికి చిన్న గైడు తెచ్చింది. పరిస్థితి చూడు, మనిషి చెప్పేది విను, కావాల్సిన సాయానికి కలుపు. ఆశా వర్కరు నేర్చుకోగలిగినదే ఇది. కోలుకోనివాళ్ళను కౌన్సెలర్ దగ్గరికి, ప్రాణాలు తీసుకోవాలనుకునేవాళ్ళను, మతి చెదిరినవాళ్ళను డాక్టరు దగ్గరికి పంపాలి.

చేయకూడనివీ నేర్పాలి. ఘటన జరిగిన మర్నాడే అందర్నీ కూర్చోబెట్టి ఏం చూశారో చెప్పండని తవ్వితే మేలు జరగదు. నిద్ర పట్టడం లేదని డయజిపామ్ లాంటి మాత్రలు అలవాటు చేయకూడదు. గాయం తగిలిన మొదటి నెలలో ఈ మాత్రలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2013లో చెప్పింది. మన దగ్గర మాత్రం నిద్రమాత్ర రాయడం అన్నిటికన్నా సులువు.

ఇక ట్రైనింగుల సంగతి. నా సర్వీసులో చూసిన శిక్షణలు చాలావరకు తూతూమంత్రమే. రెండు రోజులు, పవర్‌పాయింట్, బిర్యానీ ప్యాకెట్, సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. ఈ పనికి అలా కుదరదు. కొన్ని వారాలు కూర్చోబెట్టి నేర్పాలి. ఆ తర్వాత కనీసం ఏడాదిపాటు వారం వారం ఒక నిపుణురాలు వాళ్ళ కేసులు వినాలి. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ నుంచి ఇద్దరు ముగ్గుర్ని ఇందుకే కేటాయించండి. నెలకోసారి స్వయంగా రావాలి, మిగతా వారాల్లో సిగ్నల్ ఉన్న పీహెచ్‌సీ నుంచి వీడియోలో మాట్లాడొచ్చు. ఈ పర్యవేక్షణకు డబ్బు లేదంటే శిక్షణే మొదలుపెట్టకండి. కథలు విని విని, ఎవరికీ చెప్పుకోలేక, నేర్చుకున్న పిల్లలే మంచం పడతారు. వాళ్ళూ ఆ గూడేల బిడ్డలే. వాళ్ళ తాళ్ళ మీద కూడా రాళ్ళున్నాయి.

భాష గురించి ఒక మాట. మన వైపు కోయకూ, బస్తర్ నుంచి వచ్చినవాళ్ళు మాట్లాడేదానికీ తేడా ఉంది. భద్రాచలం, ఏటూరునాగారం ఐటీడీఏలు మనుషుల్ని ఎంపిక చేసేటప్పుడు ఇది చూసుకోవాలి. గూడెం పెద్దనూ, పూజలు, కర్మలు చేయించే వడ్డెనూ పక్కన పెట్టొద్దు. చావు తర్వాత చేయాల్సిన కర్మలు చేయలేకపోయామన్న బాధ చాలా ఇళ్ళలో ఉంది. శవమే చేతికి రానివాళ్ళున్నారు. ఆ బాధ తీర్చడంలో వడ్డె చేయగలిగింది మన సైకాలజిస్టు చేయలేడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది గోప్యత. ఏజెన్సీలో పోలీసులు మెడికల్ క్యాంపులు పెడతారు. మందులు అందుతున్నాయి, సంతోషమే. ఈ కౌన్సెలింగ్ మాత్రం ఆ క్యాంపుల్లో పెట్టకండి. చెప్పిన మాట ఠాణాకు చేరుతుందన్న అనుమానం ఒక్కసారి పుట్టిందా, ఆ గూడెంలో ఇక ఎవరూ నోరు విప్పరు, కౌన్సెలర్ ప్రాణానికీ ముప్పే. చట్టంలో 23వ సెక్షన్ గోప్యత హక్కు ఇచ్చింది. కేసు నోట్సు పోలీసులకో, అటవీశాఖకో, ఇంకెవరికో ఊరికే చూపించేది లేదని మీ శాఖ జీవో ఇవ్వాలి, ఆ జీవోను కోయలో గూడెం గూడెంలో చదివి వినిపించాలి.

లొంగిపోయిన మావోయిస్టులకూ ఇది కావాలి. పద్నాలుగు, పదిహేనేళ్ళకే అడవిలోకి పోయినవాళ్ళున్నారు వాళ్ళలో. చెక్కు చేతికిచ్చి ఫొటో దిగి పంపేస్తే పునరావాసం అయిపోదు. కూంబింగుకు వెళ్ళొచ్చిన కానిస్టేబుల్‌కూ, అతని భార్యకూ నిద్ర పట్టదు. వాళ్ళకు వేరే కౌన్సెలర్లు, వేరే చోటు ఉండాలి.

కౌన్సెలర్లకు జీతం ఇవ్వండి, పారితోషికం కాదు. ఆశాలకు ఇప్పటికే పనికింత అని లెక్కగట్టి ఇస్తున్నాం. వినడాన్ని తలకింత అని లెక్కగడితే తలలే లెక్కకొస్తాయి.

వీటికి బడ్జెట్, టైమ్ కావాలంటారు, సరే. బడ్జెట్ అక్కర్లేనిది ఒకటి అడుగుతున్నాను. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, వాజేడు, తాడ్వాయి మండలాల్లోని ప్రభుత్వ ఆసుపత్రుల మెడికల్ ఆఫీసర్లలో ఎంతమందికి 31వ సెక్షన్ ప్రకారం శిక్షణ ఇచ్చారో పేర్లు లేకుండా అంకెలు ప్రకటించండి. మిగిలినవాళ్ళకు ఎప్పుడు ఇస్తారో తేదీ కూడా దాని పక్కనే వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్,
భద్రాచలం ఏజెన్సీ